అతిథులకు ప్రవేశం లేదు

పొద్దున ఆరున్నరకు
జడ్ డ్రైవు మీద ఎర్ర ఇంటూ.
దాని వెనకాలే ఉండాయి మా డిజైన్లన్నీ,
ఎనిమిదేళ్లవి:
జంట హంసలు, రుద్రాక్ష అంచు,
బెంగుళూరు సేటు వద్దని తిప్పి పంపిన ఊదారంగు నెమలితో సహా.

సర్వరంటే పెద్ద మాట.
ధర్మవరంలో, కదిరి గేటు కాడ
నెట్ సెంటరు మూసేస్తుంటే
మూడువేల ఐదొందలకు తెచ్చిన డబ్బా.
పక్క రేకు లేదు. ఉంటే కాలిపోతుంది.
మెట్ల కింద, పట్టు కండెల బుట్ట పక్కన పెట్టి
దానికి మగ్గం అని పేరు పెట్టినాడు మా యన్న చౌడప్ప.

పోయిన మాఘంలో ఇల్లు పంచుకున్నాం.
హాలు నడిమిన సిమెంటు ఇటికెల గోడ లేచింది.
మెట్లు ఆ పక్కకు పోయినాయి,
మెట్లతోపాటు డబ్బా.
కాగితంలో దాని ఊసు లేదు.
మగ్గాలు రాసుకున్నాం, ఇత్తడి గంగాళం రాసుకున్నాం,
వైఫై గోడ దాటుతుందని ఎవరికీ తోచలేదు.

రాత్రి కరెంటు పోయొచ్చింది కదా,
రూటరు కొత్త నెంబరు ఇచ్చుంటుందనుకున్నా,
మున్సిపాలిటీవాళ్లు పాత డోర్ నెంబరు మీద
సున్నం కొట్టి ఇంకోటి రాసిపోయినట్టు.
నిజమే. చివర పదకొండు పోయి పద్నాలుగయ్యింది.
సరిచేసినా.
ఇంటూ పోలేదు.

నల్ల కిటికీ తెరిచి పింగ్ కొట్టినా.
నాలుగుసార్లు జవాబు వచ్చింది.
రెండు మిల్లీసెకన్లు, రెండు, మూడు, రెండు.
గోడకవతల మేలుకొనే ఉంది.
పిలిస్తే పలుకుతుంది,
వాకిలి మాత్రం తీయదు.

అప్పుడు ఆ మాట కూడబలుక్కొని చదివినా:
మీ సంస్థ భద్రతా నియమాల ప్రకారం
అతిథులకు ప్రవేశం లేదు.

సంస్థ ఏది?
ఒక గోడ, రెండు మగ్గాలు, తీరని జరీ అప్పు.
అతిథి ఎవరు?

అన్నే చేసినాడనుకున్నా.
పదకొండు దినాలు అట్లే అనుకున్నా.
గళ్ల కాగితం మీద, గుర్తున్న హంసను
గుర్తున్నంత వరకు నింపినా.
మెడ కాడ నాలుగు హుక్కులు తప్పినాయి,
మగ్గం ఎక్కినాక గానీ తెలీలేదు.
కుళ్లాయప్ప నేస్తా నేస్తా ఆపి, చూసి,
నవ్వలేదు.
నవ్వింటే బాగుండు.

పన్నెండో దినం మిద్దె మీద నీళ్ల ట్యాంకు కాడ
వదిన ఈరక్క అడిగింది, నా మొగం చూడకుండా:
"ఏం మరిదీ, డిజైన్లకు తాళం ఏసినావంట?"
"నేనా!"
"మీ యన్న సగం ముద్దలోనే లేస్తాండాడు."

ఆయనకూ అదే మాట. అతిథులకు ప్రవేశం లేదు.
మా ఇద్దరి లాప్‌టాపులూ మాతో చెప్పకుండా
ఒక రాత్రి కొత్త విండోస్ దించుకొని
కొత్త బుద్ధులతో నిద్ర లేచినాయి.

డబ్బా పెట్టిన దినం నేనడిగితే
"ఇంట్లో పాస్‌వర్డు ఎందుకురా" అన్నాడు.
అందుకని ఇన్నేళ్లూ ఇద్దరమూ
గెస్టు అనే ఒక్క పేరుతోనే
పోతా వస్తా ఉండినాం,
మా సొంత హంసల కాడికి.

ఆ పక్కకు పోయినా.
చెప్పులు యాడ విప్పాలో ఒక్క క్షణం తెలీలేదు.
మెట్ల కింద గొంతుక్కూర్చున్నా. ఆయన టార్చి పట్టినాడు.
రెండు పేర్లు చేసినా. చదవొచ్చు, రాయొచ్చు,
రెండు గళ్లలోనూ టిక్కు, ఇద్దరికీ.
ఆయన పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను తల తిప్పుకున్నా.
నేను కొట్టేటప్పుడు
ఆయన టార్చి గోడమీదికి తిప్పినాడు.
చీకట్లోనే కొట్టినా.

వేరే మాటలేం కాలేదు.
వదిన మజ్జిగ ఇచ్చింది. ఉప్పు ఎక్కువైంది, తాగినా.

రాత్రి పదకొండున్నరకు
హంస మెడ అసలు ఎట్లుండెనో చూద్దామని తెరిస్తే
ఈ ఫైలును చౌడప్ప వాడుతున్నారు,
చదవడానికి మాత్రం తెరవమంటారా అనింది.
తెరవమన్నా.

మెడ కాడ గళ్లు లెక్కపెట్టినా.
నాలుగూ యాడివి ఆడ ఉండాయి.
ఆయన ఏం మారుస్తాండాడో
ఆయన మూసేదాకా నాకు కనపడదు.
లైటు ఆర్పలేదు.